1966 బీటిల్‌కి ఎడమ ఫెండర్ మార్పు: రంగు కోడ్‌కి కాదు, కారుకి కలపాలి

1966 మోడల్ ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి ముందు ఎడమ ఫెండర్ (చక్రం మీద కప్పే రేకు) మార్చి, ఆ ఒక్క ముక్కకే రంగు వేసి, మిగతా కారు మీదున్న పాత పెయింట్‌ని అలాగే ఉంచిన పని ఇది. పాత కారుకి ఒక్క ప్యానెల్ రంగు వేయాల్సి వస్తే కంపెనీ కోడ్‌కి కాకుండా, ఇవాళ ఆ కారు ఏ రంగులో ఉందో ఆ రంగుకి కలపాలన్నది నా గట్టి అభిప్రాయం. అది ఈ పనిలో ఎలా చేశామో, దానికి ముందూ వెనకా రేకు పని ఎంత ఉందో పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పని చేయించుకునేవాళ్లు చాలామంది రంగు గురించే అడుగుతారు తప్ప దాని కింద ఏముందో అడగరు.

కారు ఓనర్ మొదట అడిగింది వేరు. "ఎలాగూ స్ప్రే గన్ పట్టుకుంటున్నారు కదండీ, మొత్తం కారుకే వేసేయండి, కలిసిపోతుంది" అన్నారు. వద్దన్నాను. పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తే మిగతా ప్యానెళ్ల మీద దాదాపు అన్నిచోట్లా 100 మైక్రాన్లకు అటూ ఇటూ చూపిస్తోంది, అంటే ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ దాదాపు అంతటా అలాగే ఉంది. ఇన్నేళ్ల తర్వాత అలా మిగిలిన కారు దొరకడమే అరుదు. ఒకసారి గీకేస్తే ఇక అది తిరిగి రాదు, ఎంత ఖరీదైన పెయింట్ వేసినా సరే. ఒక్క ఫెండర్ పాడైందని మిగతా కారంతా గీకడానికి నా చేతులు రావు.

పాడైన ఫెండర్ సంగతి ఏంటంటే, ఎప్పుడో గుద్దుకుని సొట్ట పడితే రేకు సరిచేయకుండా పుట్టీ నింపేశారు. గేజ్ అక్కడ చదవడమే మానేసింది, మాగ్నెట్ పెడితే జారి కింద పడిపోతోంది. హెడ్‌ల్యాంప్ గిన్నె ఫెండర్‌కి స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉంటుంది కదా, ఆ అతుకు పైభాగాన లోపలివైపు చక్రం చిమ్మిన బురద పేరుకుని, తడి ఆరక, రేకు పొరలు పొరలుగా విడిపోయింది. కింద రన్నింగ్ బోర్డుకి (తలుపు కింద అడుగు పెట్టే పలక) ఆనే మూల దగ్గర స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే లోపలికి దిగిపోయింది. సొట్ట ఒక్కటే అయితే సరిచేసేవాణ్ణి, పాత రేకు కాపాడటమే నాకు ఎప్పుడూ ఇష్టం. కానీ అతుకు దగ్గర, అంచు దగ్గర రెండుచోట్లా తుప్పు తినేశాక ముక్కలు వెల్డ్ చేసుకుంటూ పోతే ఆఖరికి పాత రేకు కంటే ప్యాచ్‌లే ఎక్కువవుతాయి. బీటిల్‌లో ఉన్న సౌకర్యం ఏంటంటే నాలుగు ఫెండర్లూ బోల్టులతోనే బిగించి ఉంటాయి, బాడీ కోయనక్కర్లేదు, కాబట్టి మార్చడమే సరైన దారి.

మొదట కొత్తగా తయారైన ఫెండర్ ఒకటి తెప్పించాం. పెయింట్ సంగతి ఆలోచించకముందే దాన్ని కారుకి పెట్టి చూశాను. బోల్టు రంధ్రాలు కొన్ని పక్కకి ఉన్నాయి, రేకు పాతదాని కంటే పల్చగా ఉంది, అయితే ఇవి సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది హెడ్‌ల్యాంప్ రింగు. 1966 నాటి బీటిళ్లలో హెడ్‌ల్యాంప్ అద్దం ఫెండర్ వంపుతో పాటే వెనక్కి వాలి ఉంటుంది, ఆ వాలు ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ఎదురుగా నిలబడితే కారు ఒక కన్ను వేరేవైపు చూస్తున్నట్టు కనిపిస్తుంది. దీనిలో ఆ తేడా స్పష్టంగా ఉంది, కుడివైపుది పక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టం. వెనక్కి పంపేశాం. తర్వాత అదే రకం కారు నుంచి తీసిన పాత అసలు ఫెండర్ దొరికింది, హారన్ దగ్గర ఉండే చిన్న గ్రిల్ తెరిపితో సహా. పైన చిన్న చిన్న సొట్టలు, మూడు రంగుల పొరలు ఉన్నాయి గానీ అంచులు గట్టిగా ఉన్నాయి, గిన్నె అతుకు బాగుంది. నా వరకు మెరిసే కొత్త ముక్క కంటే ఇలాంటి సొట్టలున్న అసలు ముక్కే ఎప్పుడూ మంచిది. సొట్టలు తీయొచ్చు, తప్పు అచ్చులో వచ్చిన వంపుని సరిచేయలేం.

విప్పడం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ కారులో ప్రమాదం ఉన్నది ఇక్కడే. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, ముందు దాని వైరు తీసేయాలి. పెట్రోల్ ట్యాంక్ మాత్రం ముందు బానెట్ కింద, ఈ ఫెండర్ బోల్టులకు దగ్గర్లోనే ఉంటుంది. తుప్పు పట్టి కదలని బోల్టుని గ్యాస్ మంటతో వేడి చేయడం మన పనిలో చేతికి అలవాటైపోయిన పద్ధతి, ఇక్కడ అది కుదరదు. ట్యాంక్ ఖాళీ చేశాం కదా అనుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం, నిండు ట్యాంక్ కంటే ఖాళీ ట్యాంక్‌లో ఆవిరే భయంకరం. నేను ట్యాంక్‌ని పూర్తిగా బయటికి తీసి దూరంగా పెట్టించాను, తర్వాత కూడా బోల్టులు విప్పడానికి మంట గానీ గ్రైండర్ గానీ వాడలేదు. ముందురోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేశాను. తెల్లారి పానా పెట్టి ముందు బిగించేవైపే కొద్దిగా తిప్పి, తర్వాత వదులు చేసి, మళ్లీ బిగించి, ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీస్తే చాలావరకు వచ్చేశాయి. బోల్టు పట్టే నట్టు బాడీలోనే అతికి ఉంటుంది, తొందరపడి ఒకేవైపు బలం పెడితే ఆ నట్టు లోపలే తిరిగిపోతుంది, లేదా బోల్టు విరుగుతుంది. రన్నింగ్ బోర్డు వైపు కింది బోల్టు మాత్రం రానే రాలేదు, దాని తలని డ్రిల్‌తో తొలిచి తీసేశాను. ఫెండర్ ఎలాగూ పారేసేదే కాబట్టి దానివైపు గీతలు పడినా ఫర్వాలేదు, బాడీవైపు పడకూడదు, అంతే.

ఫెండర్ బయటికి వచ్చాక కనిపించినదే ఈ మొత్తం పనికి దారి చూపించింది. ఫెండర్‌కీ బాడీకీ మధ్య బీడింగ్ అనే సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంటుంది. ఆ బీడింగ్ కింద, బాడీ మీద, వేలెడు వెడల్పున ఒక పట్టీ మొత్తం ఎండ అనేదే తగలని 1966 నాటి రంగు. కారు కోడ్ ఎల్ 519, బహామా బ్లూ. ఆ పట్టీలో రంగు నిండుగా, నీలంగా ఉంది, దానికి ఆనుకునే పైన బయటి రంగు పాలిపోయి కాస్త బూడిద, కాస్త ఆకుపచ్చ వైపు వాలి ఉంది. రెండూ ఒకే రోజు ఒకే గన్‌లోంచి వచ్చినవే. కోడ్ ఇచ్చి పెయింట్ కలిపిస్తే సరిగ్గా వచ్చేది ఆ పట్టీ రంగు. అది వేసిన ఫెండర్‌ని ఆ కారు మీద పెడితే, పని ఎంత నున్నగా చేసినా, రోడ్డు అవతలి నుంచే కొత్త ముక్క అని తెలిసిపోతుంది. ఓనర్‌ని పిలిచి ఆ పట్టీ చూపించాను, ఆ తర్వాత మొత్తం కారు రంగు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

బాడీవైపు బోల్టు రంధ్రాల వెంట పైపై తుప్పు ఉంది. తీగ బ్రష్‌తో గీకి, తుప్పు కన్వర్టర్ రాసి, ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే గట్టి పూత) వేసి, అతుకుల మీద సీమ్ సీలర్ (నీరు దూరకుండా అతుకు మూసే పదార్థం) పట్టించాం. ఫెండర్ బిగించాక అక్కడికి చెయ్యి కూడా దూరదు, కాబట్టి ఈ పని చేసే అవకాశం ఇప్పుడే. నట్ల మరలన్నీ 8 మిల్లీమీటర్ల ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) శుభ్రం చేశాను, కదలకుండా మొండికేసిన ఆ ఒక్క నట్టుని మార్చి కొత్తది వెల్డ్ చేయాల్సి వచ్చింది, అది ట్యాంక్ బయట ఉన్నప్పుడే, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని.

దొరికిన ఆ పాత అసలు ఫెండర్ మీద రంగు తీయడానికి ఇసుకతో బ్లాస్టింగ్ చేయించమని కొందరు సలహా ఇస్తారు. ఇంత పెద్ద వంపు రేకుకి నేను ఒప్పుకోను, గట్టిగా కొడితే రేకు సాగి అలలు తేలుతుంది. కెమికల్ స్ట్రిప్పర్ రాసి, గీకి, మూలల్లో మాత్రం డిస్క్ వాడాను. స్ట్రిప్పర్ వాడితే అంచు మడతల్లోంచీ, గిన్నె అతుకులోంచీ దాన్ని పూర్తిగా కడిగేయాలి, ఏ కాస్త మిగిలినా కొన్ని నెలల తర్వాత అక్కడి నుంచే కొత్త పెయింట్ లేచొస్తుంది. పాత పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది, అందుకని పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా తడిపే రుద్దాం, మాస్కు తీయలేదు.

టింకరింగ్‌లో ఒక సొట్ట గురించి చెప్పాలి. ఫెండర్ నడినెత్తి మీద అరచేతి వెడల్పున లోతు తక్కువ సొట్ట, కంటికి కనిపించదు. అరచేతిని చాపి, చేతికీ రేకుకీ మధ్య పల్చటి గుడ్డ పెట్టి, ముందు నుంచి వెనక్కి మెల్లగా జరిపితే అక్కడ చెయ్యి కొద్దిగా దిగుతుంది. గుడ్డ లేకపోతే వేళ్లు రేకుకి పట్టుకుంటాయి, సన్న తేడా తెలియదు. లోపలి నుంచి డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) ఆనించి, సొట్ట చుట్టూ గట్టుగా లేచిన అంచుని బయటి నుంచి చిన్న సుత్తితో తడుతూ పోతే మధ్యభాగం తనంతట తనే పైకి వస్తుంది. సొట్ట మధ్యలోనే బాదితే రేకు సాగిపోతుంది, సాగిన రేకుని మళ్లీ కుదించడం చాలా కష్టం. అది అయ్యాక మిగిలిన తేడాకి ఒక మిల్లీమీటరు కంటే తక్కువ పుట్టీ పట్టింది. పుట్టీ అంటేనే మోసం అనుకునేవాళ్లున్నారు, అది సరికాదు. రేకు సరిచేశాక పైన పల్చగా పట్టించే పుట్టీ మంచి పనే, సొట్ట దాచడానికి కుక్కిందే చెడ్డది. నేను ముందు ఒట్టి రేకు మీద ఎపాక్సీ వేసి, దాని మీద పుట్టీ పెడతాను. యాసిడ్ ఎచ్ ప్రైమర్ (యాసిడ్‌తో రేకుని కొరికి పట్టుకునే ప్రైమర్) మీద మాత్రం పాలిస్టర్ పుట్టీ పెట్టకూడదు, సరిగ్గా గట్టిపడదు, తర్వాత ఊడుతుంది.

ఫెండర్ ఇంకా ఎపాక్సీ ప్రైమర్ దశలో ఉన్నప్పుడే మళ్లీ కారుకి బిగించి చూశాను, బీడింగ్‌తో, హెడ్‌ల్యాంప్‌తో, రన్నింగ్ బోర్డుతో సహా. ఈ దశ దాటవేసేవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది. రంధ్రం ఒకటి కాస్త వెడల్పు చేయాలన్నా, అంచు కొద్దిగా వంచాలన్నా ఇప్పుడే చేయాలి, రంగు వేశాక చేస్తే పెయింట్ పగులుతుంది. బానెట్ అంచుకీ ఫెండర్‌కీ మధ్య సందు పై నుంచి కింది దాకా కుడివైపుతో పోల్చి చూసుకుని, కింది మూలలో అంచుని కొద్దిగా లోపలికి తట్టాను.

తర్వాత సర్ఫేసర్ (రంగు కింద ఉపరితలాన్ని చదును చేసే పూత) మూడు కోట్లు, పైన గైడ్ కోటుగా నల్ల పౌడర్, పొడవాటి బ్లాకుతో 320 నంబర్ సాండ్‌పేపర్, తర్వాత 500, ఆఖరికి తడిపి 800. గైడ్ కోటు నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఓపిక పట్టాలి అంతే.

ఇక రంగు. ముందు చుట్టుపక్కల ప్యానెళ్లు, అంటే బానెట్ ఎడమ సగం, ఫెండర్ వెనక బాడీ భాగం, తలుపు, వీటిని చేత్తోనే సన్నటి పాలిష్‌తో రుద్దాం. పైన పేరుకున్న తెల్లటి పొడి పోతే తప్ప అసలు రంగేదో తెలియదు. మెషిన్ వాడలేదు, ఆ పెయింట్ మందం ఎంత తక్కువో గేజ్ చెప్పింది కదా, అంచుల మీద మెషిన్ పెడితే ప్రైమర్ బయటపడుతుంది. తర్వాత స్పెక్ట్రోఫోటోమీటర్‌తో (రంగుని కొలిచే మెషిన్) చాలాచోట్ల రీడింగ్ తీసుకున్నాం. కారు ఎప్పుడూ ఒకేవైపు ఎండలో ఉండేదట, అందుకని కుడి ఫెండర్ రంగు, ఎడమవైపు తలుపు రంగు ఒకటి కావు. దేనికి కలపాలి? కొత్త ఫెండర్‌తో కలిపి ఒకే చూపులో కనిపించేవాటికి, అంటే ఎడమ బానెట్‌కీ, తలుపుకీ. కుడి ఫెండర్‌నీ ఎడమ ఫెండర్‌నీ ఒకేసారి చూడాలంటే ఎదురుగా నిలబడాలి, మధ్యలో వంపు తిరిగిన బానెట్ ఉంటుంది, కన్ను అంత తేడా పట్టుకోదు.

మెషిన్ ఇచ్చిన ఫార్ములా మొదటి అడుగు మాత్రమే. పాత నీలాల్లో వాడిన పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు), ఇప్పుడు మిక్సింగ్ డబ్బాల్లో దొరికేవి ఒకటి కాకపోవచ్చు. ఫ్తాలో నీలం అనే పిగ్మెంట్‌లోనే ఎరుపు వైపు వాలేది ఒకటి, ఆకుపచ్చ వైపు వాలేది ఒకటి ఉంటాయి, ఒక వెలుతురులో సరిపోయింది ఇంకో వెలుతురులో విడిపోయేది ఇలాంటి తేడాల వల్లే. అందుకని నమూనా కార్డుల మీద గన్‌తోనే కొట్టి చూశాం, ఏ గన్, ఏ ప్రెషర్‌తో ఫెండర్‌కి కొట్టబోతున్నామో సరిగ్గా దానితోనే, కింద అదే సర్ఫేసర్ వేసి. బ్రష్‌తో రాసిన చుక్క చూసి నిర్ణయించకూడదు, తడిగా ఉన్నప్పటి రంగు చూసి అసలే నిర్ణయించకూడదు. ఆరిన కార్డు మధ్యలో గుండ్రటి రంధ్రం కోసి తలుపు మీద ఆనించి పెడితే, రంధ్రంలోంచి కారు రంగు, చుట్టూ మన రంగు, మధ్యలో ఒక గీత. రంగు కలిస్తే గీత మసకబారుతుంది. ఎండలో, నీడలో, ట్యూబ్‌లైట్ కింద, పసుపు బల్బు కింద, ఎదురుగా నిలబడి, పక్క నుంచి వంగి, అన్ని రకాలుగా చూశాం. మొదటి కార్డు మరీ శుభ్రంగా, మరీ నీలంగా ఉంది. కొద్దిగా పసుపు ఆక్సైడ్, ఇంకొంచెం తెలుపు, నలుపు చుక్కల్లో. రంగు సాధారణంగా ఒకేసారి కుదరదు, ప్రతి కార్డు వెనకా ఏం ఎంత కలిపామో రాసుకుంటూ పోవాలి, లేకపోతే కుదిరిన కార్డు ఏదో తెలుస్తుంది గానీ అది ఎలా కుదిరిందో తెలియదు.

పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పొర) వేసే పద్ధతి ఈ కారుకి వద్దనుకున్నాను. 1966లో ఈ రంగు సాదా ఎనామెల్, మెరుపు కూడా రంగు పొరలోదే. క్లియర్ కింద నుంచి కనిపించే రంగుకి ఒక లోతు ఉంటుంది, అది పక్క ప్యానెళ్లకి లేదు. అందుకని 2కె సింగిల్ స్టేజ్ పెయింట్, అంటే హార్డెనర్ కలిపి కొట్టే, పైన క్లియర్ అక్కర్లేని పెయింట్. ఇందులో హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఇవి ఊపిరితిత్తుల్లోకి వెళితే జీవితాంతం వదలని ఆస్తమా రావచ్చు, వాసన కూడా ముందే హెచ్చరించదు. మామూలు గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు. బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు, చేతులకి గ్లోవ్స్, ఒళ్లంతా కప్పే సూట్, గాలి బయటికి లాగే ఫ్యాన్, ఇవి లేకపోతే ఆ పెయింట్ కొట్టొద్దు, ఇంట్లో షెడ్డులో సరదాగా చేసుకునేవాళ్లకి ఇది మరీ మరీ చెబుతున్నాను.

ఫెండర్‌ని స్టాండుకి కట్టి, గ్రీజు మరకలు తీసే లిక్విడ్‌తో ఒక గుడ్డతో తుడిచి, ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడిచేశాం. ముందు లోపలివైపు రాళ్ల దెబ్బ తట్టుకునే కోటింగ్, తర్వాత అంచులు, బోల్టు రంధ్రాల చుట్టూ, ఆఖరికి పైభాగం. 1.3 మిల్లీమీటర్ల నాజిల్, జానెడు కంటే కొంచెం తక్కువ దూరం, ఒక వరస మీద ఇంకో వరస సగం కప్పేలా. వంపు ఎక్కువ కాబట్టి చెయ్యి నిటారుగా కాకుండా రేకుతో పాటే తిరగాలి, లేకపోతే నెత్తి మీద తడి ఎక్కువై పక్కలకి కారుతుంది, గిన్నె చుట్టూ మాత్రం పొడిగా మిగిలిపోతుంది. మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య ముట్టుకుంటే తీగలు సాగని దాకా ఆగి.

ఆరాక వచ్చిన ఉపరితలం చాలా నున్నగా ఉంది, అదే సమస్య. ఫ్యాక్టరీ పెయింట్‌కి సన్నటి ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) ఉంటుంది, తలుపు మీద పడిన కిటికీ ప్రతిబింబం అంచులు కొద్దిగా వణికినట్టు కనిపిస్తాయి. కొత్త ఫెండర్‌లో అవి కత్తితో కోసినట్టు ఉంటే రంగు సరిగ్గా కలిసినా కన్ను ఒప్పుకోదు. అందుకని దుమ్ము పడిన చోట్ల మాత్రమే 2000 పేపర్‌తో తడిపి తీసి, పైన 3000, తర్వాత కాంపౌండ్ చేత్తోనే పెట్టాం, మెరుపు తలుపుతో సమానం కాగానే ఆపేశాం. ఇంకా రుద్దితే ఇంకా మెరుస్తుంది, ఆ మెరుపు ఈ కారుకి అక్కర్లేదు. మైనం, సిలికాన్ పాలిష్‌లు కనీసం నెల దాకా వద్దని చెప్పాను, సాల్వెంట్ పూర్తిగా బయటికి పోవాలి.

బిగింపులో బోల్టులన్నీ ముందు చేత్తోనే పట్టించి, బీడింగ్ చీలికలు ఒక్కో బోల్టు మీద కూర్చున్నాయో లేదో చూసి, మధ్య నుంచి రెండువైపులా మార్చి మార్చి బిగించుకుంటూ పోయాం. ఒక చివర పూర్తిగా బిగించేస్తే బీడింగ్ ఇంకో చివర అలలా లేస్తుంది. ట్యాంక్ మళ్లీ పెట్టాక పైపులు పరీక్షించి, ఆఖర్న హెడ్‌ల్యాంప్. ఈ కారు 6 వోల్టులది, 45 వాట్ల బల్బు 12 వోల్టుల్లో 3.75 ఆంపియర్లు తీసుకుంటే ఇందులో 7.5 తీసుకుంటుంది. దారిలో అర వోల్టు పోయినా వెలుతురు స్పష్టంగా పడిపోతుంది. కొత్త ఎపాక్సీ, కొత్త పెయింట్ కరెంటుని పోనివ్వవు కాబట్టి గోధుమరంగు ఎర్త్ వైరు బిగించే చోట రేకు తెల్లగా కనిపించేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాను. మీటర్ పెట్టి కుడివైపుతో పోల్చి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. కొత్త ఫెండర్ వేశాక లైటు మసకగా ఉందంటే చాలాసార్లు కారణం ఇదే, బల్బు మార్చి లాభం లేదు.

ఎండలో, నీడలో, సాయంత్రం వెలుతురులో తేడా కనిపించడం లేదు. తెల్లటి ట్యూబ్‌లైట్ కింద, పక్క నుంచి చూస్తే, కొత్త ఫెండర్ తలుపు కంటే రవ్వంత నీలంగా అనిపిస్తుంది, తెలిసి చూసేవాళ్లకి. దానికోసం ఇంకా కలుపుకుంటూ పోతే ఎండలో కుదిరింది చెడుతుందని అక్కడ ఆపాం, కారు తిరిగేది ఎండలో కదా. పెయింట్ ఫార్ములా, చివరి కార్డు రెండూ ఓనర్‌కే ఇచ్చాను. రేపు ఇంకో ముక్క పాడైతే అవి పనికొస్తాయి, అయితే అప్పుడూ మళ్లీ కార్డు కొట్టే చూడాలి, ఎందుకంటే కొత్త పెయింట్, పాత పెయింట్ ఒకే వేగంతో పాలిపోవు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బీడింగ్ కొద్దిగా అణుగుతుంది, అప్పుడు బోల్టులన్నీ ఒకసారి పానాతో చూసి, అంచు మడతల్లో తుప్పు రాకుండా క్యావిటీ వ్యాక్స్ (సందుల్లోకి కొట్టే మైనం) కొట్టాలి, అది కూడా ఈ పనిలో భాగమే కాబట్టి ఓనర్‌కి తేదీ ఇచ్చేశాను.